మంచం దిగమాక అన్నారు, మంచం దిగు అంటున్నారు: నడుం నొప్పి, మోకాళ్ల నొప్పుల వైద్యం నడిచొచ్చిన దారి

ఈసారి పోస్టు కాస్త పొడవు. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

నలభై దాటిన మనిషి ఉన్న ఏ ఇంటికెళ్లినా మన ఊళ్లల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి "నడుం పట్టేసింది". రెండోది "మోకాళ్లు అరిగిపోయినయ్యంట". ఆ వెనకే సలహా: "వంగమాక, బరువెత్తమాక, మంచం దిగమాక." నెలజీతం వచ్చేవాడికి రెస్టంటే సెలవు. మనకి రెస్టంటే ఒక అదును పోవడం. మిరప నాటే రోజుల్లో ఇరవై రోజులు మంచంలో ఉంటే కూలి ఖర్చు పెరుగుతుంది, కౌలు మాత్రం ఆగదు. రెస్టు తీసుకోలేనివాడు నొప్పి బిళ్ల మింగి పొలం పోతాడు. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. రెండు దార్లూ నష్టమే.

అసలు ఈ రెస్టు మాట ఎక్కడ పుట్టింది? ఎందుకు పుట్టింది? దాన్ని డాక్టర్లే మళ్లీ ఎందుకు పక్కన పెట్టారు? ఇది తెలిస్తే మనం ఏం చెయ్యాలో సగం తెలిసినట్టే. నేను డాక్టర్ని కాదు, ఇంటర్ చదివి సేద్యంలోకి దిగినవాణ్ణి. చదివి తెలుసుకున్నది మన భాషలో చెబుతున్నాను, అంతే.

మన పాత గ్రంథాల్లో

ఈ నొప్పులు ఇప్పటివి కావు. ఆయుర్వేదంలో నడుం దగ్గర మొదలై పిర్ర మీదుగా మడమ దాకా లాగే నొప్పికి "గృధ్రసి" అని పేరు. గృధ్రం అంటే రాబందు. ఆ నొప్పి ఉన్నవాడి నడక రాబందు నడకలా ఉంటుందని అలా పెట్టారంటారు. ఇప్పుడు మనం సయాటికా అంటున్నది అదే. మోకాలు వాచి నక్క తలకాయలా అయితే "క్రోష్టుకశీర్షం" అన్నారు. క్రోష్టుకం అంటే నక్క. రోగాన్ని ఎంత దగ్గరగా చూశారో ఆ పేర్లే చెబుతాయి.

సుశ్రుతుడి గ్రంథంలో వ్యాయామం గురించి ఒక కొలత ఉంది. ఎవరి బలంలో సగం వరకే వాళ్లు వ్యాయామం చెయ్యాలి. అసలు మానేయమని కాదు, ఒళ్లు విరిగేదాకా చెయ్యమనీ కాదు. ఈ కొలత గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది. మన పెద్దవాళ్లు ఆముదం మర్దనా చేసి, వావిలాకు కాపడం పెట్టి, మర్నాడు మెల్లగా పనిలోకి దిగేవాళ్లు. నెలల తరబడి మంచం పట్టించే అలవాటు మన పల్లెల్లో పుట్టింది కాదు.

రెస్టు పుట్టిన ఊరు

1863లో లండన్‌లో జాన్ హిల్టన్ అనే సర్జన్ విశ్రాంతి గురించి ఒక పెద్ద పుస్తకమే వేశాడు. నొప్పి అనేది విశ్రాంతి తీసుకోమని ఒళ్లు చేసే సైగ అని ఆయన వాదన. ఆయన తర్వాత ఆ మాటకి గట్టి పునాది వేసినవాడు లివర్‌పూల్‌లో ఉన్న హ్యూ ఓవెన్ థామస్ (1834–1891).

ఈ థామస్ సంగతి మనకి దగ్గరగా ఉంటుంది. మన పుత్తూరు కట్టు వాళ్లలాగా ఆయన వంశం ఎముకలు కట్టే వంశం. తండ్రి డాక్టరు చదువు చదవలేదు గానీ చెయ్యి మంచిదని జనం విరగబడేవాళ్లు. డాక్టర్లు ఆయన మీద కేసులు కూడా వేశారు. ఆ బాధ పడలేక కొడుకుల్ని డాక్టరు చదువు చదివించాడు. హ్యూ థామస్ ఓడరేవు కూలీల మధ్య వైద్యం చేస్తూ, ఆదివారాలు పేదలకి ఉచితంగా చూసేవాడు. ఆయన పట్టుదల ఒకటే: చెడిన కీలుని కదలకుండా కట్టాలి, మధ్యలో విప్పకూడదు, చాలాకాలం అలాగే ఉంచాలి. ఆయన కనిపెట్టిన తొడ కట్టు, థామస్ స్ప్లింట్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎంతోమంది సైనికుల ప్రాణాలు నిలబెట్టింది.

ఇక్కడ అసలు విషయం ఉంది. థామస్ కాలంలో ఆయన దగ్గరకొచ్చే చెడిన కీళ్లల్లో చాలావాటికి కారణం క్షయ. టీబీ ఒక్క ఊపిరితిత్తులకే కాదు, తుంటికీ మోకాలికీ వెన్నుపూసకీ కూడా వస్తుంది. ఎక్స్‌రే 1895 దాకా లేదు. టీబీకి స్ట్రెప్టోమైసిన్ మందు 1940ల దాకా లేదు. చీము పట్టిన కీలుని, విరిగిన ఎముకని కదలనివ్వకపోవడం తప్ప వేరే దారి లేదు. ఆ రోగాలకి ఆ రోజుల్లో రెస్టు సరైన మాటే.

తర్వాత ఏమైందంటే, ఆ మాట అక్కడితో ఆగలేదు. పని చేసి పట్టేసిన నడుముకీ, వయసుతో వచ్చిన మోకాలి నొప్పికీ కూడా అదే మందు రాయడం మొదలైంది. కందికి పనికొచ్చిన మందుని వరికి కొట్టినట్టు. దాన్ని ఎవరూ పరీక్ష చేసి చూడలేదు.

డిస్కు వచ్చింది, మంచం గట్టిపడింది

1934లో అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు ఒక పత్రం వేశారు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పగిలి నరాన్ని నొక్కితే కాలు లాగుతుందని, దాన్ని తీసేస్తే తగ్గుతుందని చూపించారు. నిజమైన పెద్ద సంగతే అది. కానీ ఆ తర్వాత నలభై యాభై ఏళ్లు ప్రతి నడుం నొప్పికీ డిస్కే కారణం అన్నట్టు నడిచింది. డిస్కు జారిందంటే కదిలితే ఇంకా జారుతుందని భయం. అందుకని గట్టి మంచం, కాళ్లకి బరువులు కట్టి లాగడం, వారాల తరబడి పడుకోబెట్టడం. "డిస్కు జారింది" అన్న మాట మన ఊళ్లదాకా వచ్చింది ఆ గాలికే.

మొదటి ఎదురుమాట

1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచం పట్టడం వల్ల వచ్చే ప్రమాదాలే దాని విషయం. కాళ్లల్లో రక్తం గడ్డకట్టడం, వీపు పుండ్లు, ఎముకల్లో సున్నం తగ్గడం, మలబద్ధకం, కండలు కరగడం, కీళ్లు బిగుసుకుపోవడం, మనసు చచ్చుబడటం, ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు. ఆసుపత్రిలో వరసగా పడుకోబెట్టిన రోగుల్ని చూసి సంతోషించకండి అన్నది ఆయన బాధ.

తర్వాత 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని మూడు వారాలు మంచంలో ఉంచారు. లేచేసరికి వాళ్ల ఒంటి సత్తువ దారుణంగా పడిపోయింది. అదే అయిదుగుర్ని ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు మీద పడి తగ్గిన సత్తువ కన్నా ఆ మూడు వారాల మంచం తగ్గించిన సత్తువే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాడికే అలా ఉంటే, యాభై దాటిన మన సంగతి చెప్పక్కర్లేదు.

పరీక్ష పెట్టి చూశారు

నడుం నొప్పి మీద సరైన పరీక్ష 1986లో వచ్చింది. రిచర్డ్ డెయో అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 203 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి 2 రోజులు పడుకోమన్నారు, ఇంకో గుంపుకి 7 రోజులు. నొప్పి తగ్గడంలో తేడా లేదు. కానీ 2 రోజుల వాళ్లు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ. అంటే మిగతా అయిదు రోజులు మంచంలో ఉండి సంపాదించింది ఏమీ లేదు.

1995లో ఫిన్లాండ్ దేశం హెల్సింకిలో ఇంకో అడుగు ముందుకేశారు. అప్పుడే నడుం పట్టేసిన 186 మంది నగర ఉద్యోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒకరికి 2 రోజుల మంచం. ఒకరికి నడుం వ్యాయామాలు. మూడోవాళ్లకి "నొప్పి ఓర్చుకోగలిగినంతలో మీ మామూలు పనులు మీరు చేసుకోండి" అని మాత్రమే చెప్పారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది ఈ మూడోవాళ్లు. మంచం పట్టినవాళ్లు అందరికన్నా ఆలస్యం.

ఇక స్కానింగు. 1994లో అమెరికాలో నడుం నొప్పి అంటే ఏంటో తెలియని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. వాళ్లల్లో అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నది 36 శాతం మందికే. సగం మంది పైన డిస్కు ఉబ్బి ఉంది, అయినా నొప్పి లేదు. అంటే స్కానింగులో కనపడిందల్లా రోగం కాదు. తల నెరవడం లాంటివి కొన్ని వెన్నులోనూ జరుగుతాయి. స్కానింగు అవసరమైన చోట అవసరమే, కానీ ఆ కాగితం చూసి బెదిరి అప్పు చేసేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

స్కాట్లండ్‌లో గోర్డన్ వాడెల్ అనే ఎముకల సర్జన్ 1987 నుంచీ ఒక మాట గట్టిగా చెప్పుకొచ్చాడు: నొప్పి ఎంత కూలదోస్తుందో, నొప్పి మీద భయం కూడా అంతే కూలదోస్తుంది. కదిలితే ఏమవుతుందోనన్న భయంతో కదలకపోతే ఒళ్లు ఇంకా బిగుస్తుంది, అప్పుడు ఇంకా నొప్పి. 1994లో బ్రిటన్, అమెరికా రెండుచోట్లా డాక్టర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో మంచం వెనక్కి పోయి, కదలిక ముందుకొచ్చింది. 1997 నుంచి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఈ మాటని టీవీలో ప్రకటనలుగా వేసింది. పడుకోవద్దు, పనిలో ఉండండి అని. ఆ రాష్ట్రంలో నడుం నొప్పి పరిహారం కేసులు దాదాపు 15 శాతం తగ్గాయి. ఒక మాట మారితే రోగం లెక్క కూడా మారుతుందని రుజువైంది.

పొరపాటున పైకి లేపిన బల్ల

1956లో న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒకాయన వస్తున్నాడు. నడుం నొప్పి, కాలు లాగడం. మూడు వారాలైనా గుణం లేదు. ఆ రోజు లోపలికెళ్లి బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు వేరే రోగి కోసం బల్ల తల వైపు పైకి లేపి ఉంది. ఈయన దాని మీదే బోర్లా పడుకున్నాడు, నడుం వెనక్కి బాగా వంగిపోయి. అప్పటి వైద్యం ప్రకారం అది చెయ్యకూడని పని. మెకెంజీ వచ్చి చూసి హడలిపోయాడు. రోగి మాత్రం, మూడు వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. కాల్లో నొప్పి పోయింది.

మెకెంజీ దాన్ని వదిలిపెట్టలేదు. ఏ మనిషికి ఏ వైపు వంగితే నొప్పి తగ్గుతుందో చూసి వైద్యం చెయ్యడం ఒక పద్ధతిగా తయారుచేశాడు. అందులో మనకి పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఏదైనా కదలిక చేస్తే కాల్లో నొప్పి పైకి జరిగి నడుం దగ్గరికి చేరితే మంచి సూచన. నడుం నుంచి కిందికి, పాదం వైపు దిగితే ఆ కదలిక ఆపాలి. అందరికీ వెనక్కి వంగడమే మందు కాదు. కొందరికి ముందుకు వంగితేనే సుఖం.

మోకాలు బండి చక్రం కాదు

మోకాలు అరిగింది అనగానే మన కళ్ల ముందు బండి చక్రం కనపడుతుంది. ఎంత తిరిగితే అంత అరుగుతుంది, కాబట్టి తిప్పకూడదు. కానీ మోకాలు ఇనుము కాదు, ప్రాణం ఉన్నది.

కీలు చివర ఉండే మెత్తటి మృదులాస్థి దెబ్బతింటే మళ్లీ పూడదని 1743లోనే విలియం హంటర్ రాశాడు. దానికి రక్తనాళాలు లేవు. మరి తిండి ఎట్లా? కీలులో ఉండే జిగురు నీళ్లలోంచి. బరువు పడితే నొక్కుకుని, బరువు తీస్తే ఆ నీళ్లని పీల్చుకుంటుంది, తడి గుడ్డ పిండి వదిలినట్టు. కదలిక లేకపోతే దానికి తిండి లేదు. చక్రం తిరిగితే అరుగుతుంది, మోకాలు తిరక్కపోతే ఎండుతుంది.

1997లో అమెరికాలో 60 దాటిన, మోకాళ్ల నొప్పులున్న 439 మంది మీద ఏడాదిన్నర పరీక్ష చేశారు. నడక గుంపు, కండలకి బరువుల వ్యాయామం గుంపు, మాటలు మాత్రమే చెప్పిన గుంపు. వ్యాయామం చేసిన రెండు గుంపులకీ నొప్పి తగ్గింది, పని సులువైంది. మాయ జరగలేదు, కొంత మేలే. కానీ ఎక్స్‌రేలో కీలు అదనంగా చెడిపోలేదు. ఆ భయం తీరింది. 2002లో హ్యూస్టన్‌లో ఇంకో సంగతి తేలింది. అరిగిన మోకాల్లోకి గొట్టం పంపి కడిగే, శుభ్రం చేసే ఆపరేషను చేసినవాళ్లకీ, పైపైన చర్మం కోసి కుట్టేసినవాళ్లకీ రెండేళ్ల దాకా తేడా ఏమీ కనపడలేదు. మొత్తం 180 మంది. పూర్తిగా కీలు మార్చే ఆపరేషను సంగతి వేరు. అది అన్ని ప్రయత్నాలూ అయ్యాక, నడక కష్టమైనవాళ్లకి మంచి మేలు చేస్తుంది.

2013లో డెన్మార్క్ ఇదంతా కలిపి ఒక కార్యక్రమం పెట్టింది. జబ్బు గురించి రెండు మూడు పాఠాలు, ఆరు వారాల్లో 12 సార్లు దగ్గరుండి వ్యాయామం. అంతే. బరువు సంగతి కూడా లెక్క తేల్చారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

"రోజంతా కదులుతూనే ఉన్నాం కదా?"

ఇక్కడ మీరందరూ అడగబోయే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. ఆఫీసులో కూచునేవాడికి వ్యాయామం, పొద్దస్తమానం చేలో ఉండే మనకెందుకు?

దీనికీ చరిత్రలో జవాబుంది. 1950ల్లో ఇంగ్లండ్‌లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే డాక్టర్లు బొగ్గు గని కార్మికుల కీళ్లు పరిశీలించారు. మోకాళ్ల మీద కూచుని, వంగి పనిచేసే గని కార్మికులకి మోకాళ్లు, వెన్ను ఎక్కువగా చెడిపోయి కనపడ్డాయి. 1992లో అదే దేశంలో రైతుల తుంటి కీళ్లు చూశారు. పదేళ్లు పైన సేద్యం చేసినవాళ్లకి తుంటి అరుగుదల కూచుని పనిచేసేవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని రైతు వృత్తి జబ్బు అనే అన్నారు.

అంటే కదలిక మంచిదే, కానీ మన పని ఒకే రకం కదలిక. కలుపు తీసేటప్పుడు గంటల తరబడి గొంతుక్కూచోవడం, నాట్లలో నడుం ఎత్తకుండా వంగడం, 45 కిలోల యూరియా బస్తా ఒక్క కుదుపున భుజానికెత్తడం. కొన్ని కండలు అలిసిపోతాయి, కొన్నిటికి పనే ఉండదు. ఒకే పైరు ఏళ్ల తరబడి వేస్తే నేల ఏమవుతుందో మనకి తెలుసు. ఒళ్లు కూడా అంతే. వ్యాయామం అంటే ఒంటికి పంట మార్పిడి.

తొడ ముందు కండ గట్టిగా ఉంటే మోకాలి భారం అది మోస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూచోవడం, అరుగు మీద కూచుని కాలు చాపి కాసేపు బిగబట్టి దించడం, పనిలేని రోజు కూడా గట్టు వెంబడి అరగంట నడక. ఇంతకే ఖర్చు లేదు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా, మర్నాటికి పాత స్థాయికి దిగిపోతే సరే. దిగకపోతే కొంచెం తగ్గించుకోవాలి. సుశ్రుతుడి సగం బలం లెక్క ఇదే. పొలంలో గొంతుక్కూచుని చేసే పనిని అరగంటకోసారి మార్చడం, పొడుగు పిడి ఉన్న పనిముట్టు వాడటం, మందు ట్యాంకు సగమే నింపడం, బస్తాకి ఇద్దరు చెయ్యి వెయ్యడం, ఇవి సోమరితనం కాదు, సేద్యంలో భాగమే.

నెల్లూరు ఎద్దులు చెప్పిన సంగతి

అయితే బిగుసుకున్న ప్రతి నడుమూ ఈ కోవది కాదు. దీనికి మన గడ్డ మీద జరిగిన ఉదాహరణే ఉంది. అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లల్లో రైతులు అరక కట్టినప్పుడు ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం చూశారు. మనుషుల నడుములూ అలాగే కొయ్యబారాయి. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు అది తాగే నీళ్లల్లో ఉన్న ఫ్లోరైడు వల్లనని తేల్చి ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ అలా బయటపడింది. తర్వాత నల్గొండ బాధ లోకమంతా చూసింది. ఆ నడుముకి వ్యాయామం ఒక్కటే చాలదు, ముందు నీళ్లు మారాలి. డాక్టర్ల కన్నా ముందు గమనించింది రైతులే అని మర్చిపోకండి.

అలాగే ఈ గుర్తులుంటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి: నడుం నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం (వెన్ను టీబీ మన దగ్గర ఇంకా ఉంది), ఒంటికీ రెంటికీ పట్టు తప్పడం, కాళ్లు చచ్చుబడటం, తొడల మధ్య తిమ్మిరి, కిందపడ్డాక మొదలైన నొప్పి. పొద్దున్నే వేళ్ల కీళ్లు వాచి గంటసేపు బిగుసుకుంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందులున్నాయి, ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. కుర్ర వయసులో నడుం పొద్దున్నే బిగుసుకుని కదిలితే తేలికవుతుంటే అదీ చూపించాలి.

ఇంకొకటి. 1948లో అమెరికాలో హెంచ్ అనే డాక్టరు మంచం పట్టిన కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఇస్తే కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ వచ్చింది. ఆ స్టెరాయిడు మందు నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బడం, షుగరు, ఎముకలు గుల్లవడం కూడా త్వరలోనే తెలిసొచ్చాయి. పేరులేని పొడి పొట్లం రెండు రోజుల్లో నొప్పి మాయం చేసిందంటే అందులో ఏముందో అనుమానించాలి.

పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. స్కానింగు ఎక్కడ తీయించాలి అని అడిగే ముందు ఆ విభాగం ఎక్కడుందో అడగండి. మీ ఇంట్లో మంచం పట్టినవాళ్లుంటే, పైన చెప్పిన ప్రమాద గుర్తులేవీ లేకపోతే, డాక్టర్ని అడిగి రేపు వాకిలి దాకా, ఎల్లుండి వీధి చివర దాకా చెయ్యి పట్టుకుని నడిపించండి. ఈ వయసులో మన ఒళ్లే మనకి మిగిలిన పెట్టుబడి. దాన్ని బీడు పెట్టొద్దు, పిండి పీల్చొద్దు.

మీ ఊళ్లల్లో ఈ నొప్పులకి ఏం చేస్తున్నారో రాయండి. ఆడవాళ్ల అనుభవాలు కూడా రాయించండి. వంగి కలుపు తీసేది ఎక్కువ వాళ్లే.